తండ్రి అధికారం తగ్గింది, ఆప్యాయత పెరిగింది, చాకిరీ మాత్రం తల్లి దగ్గరే ఉంది

తెలుగు కుటుంబాల్లో తండ్రి మారాడన్న మాట ఈ మధ్య తరచుగా వినిపిస్తోంది. బిడ్డను భుజాన వేసుకుని టీకాల వరుసలో నిలబడ్డ నాన్ననో, కూతురికి జడ వేసి బడికి పంపే నాన్ననో చూపించి, వెనకటి తండ్రికీ ఇతనికీ పోలికే లేదంటారు. ఇది కొంతవరకే నిజం. తండ్రి పాత్ర అని ఒక్క మాటలో చెప్పేదానిలో వేర్వేరు విషయాలు కలిసి ఉన్నాయి: ఆస్తి మీదా పిల్లల పెళ్లిళ్ల మీదా ఉండే అధికారం ఒకటి, ఇల్లు గడిపే సంపాదన ఒకటి, పిల్లలకు చూపే ఆప్యాయత ఒకటి, వాళ్లను సాకడంలో రోజూ పడే చాకిరీ మరొకటి. ఇవన్నీ ఒకేసారి మారలేదు, ఒకే కారణంతోనూ మారలేదు. వీటిని విడదీసి చూడకపోతే, ఒకదానిలో వచ్చిన మార్పును చూసి మిగతావీ మారిపోయాయని పొరబడతాం.

ముందుగా అధికారం సంగతి. తెలుగు నేల మీద హిందూ ఉమ్మడి కుటుంబాలను నడిపించింది మితాక్షర ధర్మశాస్త్ర సంప్రదాయం. దాని ప్రకారం ఇంటి పెద్ద కర్త. వ్యవసాయం, అప్పు, పెళ్లి, పంపకం అన్నీ అతని మాట మీదే నడిచేవి. అయితే ఈ తండ్రి సర్వాధికారి కాడు. మితాక్షరలో కొడుక్కి పిత్రార్జితం మీద పుట్టుకతోనే హక్కు వస్తుంది కాబట్టి, తండ్రి ఆస్తికి యజమాని కంటే ఎక్కువగా నిర్వాహకుడు. తండ్రి చేసిన అప్పు కొడుకు తీర్చాలన్న ధర్మబాధ్యత కూడా ఈ లెక్కలోదే. అంటే పాతకాలపు తండ్రీకొడుకుల బంధంలో ప్రేమ ఎంత ఉన్నా, దాని చట్రం ఆస్తి చుట్టూ అల్లుకున్నది. కూతురికి ఆ చట్రంలో చోటు లేదు. ఆమె విషయంలో తండ్రి అధికారమంతా ఎవరికి, ఎప్పుడు ఇచ్చి పెళ్లి చేయాలన్న దాని మీదే ఉండేది. కన్యాశుల్కం పుచ్చుకుని పసిపిల్లలను ముసలివాళ్లకు కట్టబెట్టిన తండ్రులూ, ఆ పిల్లలు వితంతువులైతే ఆచారానికి తలవంచిన తండ్రులూ ఉన్న సమాజంలోనే కందుకూరి వీరేశలింగం 1881లో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. అప్పటి సంస్కరణోద్యమాన్ని స్త్రీల సమస్యగా మాత్రమే చదువుతాం గానీ, అది తండ్రి హక్కులకు హద్దు గీయడానికి జరిగిన మొదటి పెద్ద ప్రయత్నం కూడానని నా అభిప్రాయం.

ఆ తండ్రికి బిడ్డ మీద ప్రేమ లేదా అంటే, ఉండేది. దాన్ని బయటికి చూపడం అతని పని కాదు. ‘లాలయేత్ పంచవర్షాణి దశవర్షాణి తాడయేత్’ అన్న శ్లోకం ఆనాటి ఆదర్శాన్ని చెబుతుంది: అయిదేళ్లు లాలించు, పదేళ్లు దండించు, పదహారో ఏడు వచ్చాక స్నేహితుడిలా చూడు. ఆ మొదటి అయిదేళ్ల లాలన కూడా చాలా ఇళ్లలో తండ్రి చేతుల మీద జరగలేదు. తన తండ్రి, పెద్దన్నలు ఉన్న చావడిలో సొంత బిడ్డను ఎత్తుకుని ముద్దాడడం మర్యాద కాదనుకునే ఇళ్లు ఉండేవి. బిడ్డను ఆడించడానికి తాత ఉన్నాడు, కథలు చెప్పడానికి నాయనమ్మ ఉంది. మేనమామ స్థానం మరీ ప్రత్యేకం. పుట్టువెంట్రుకలు తీసేది మేనమామ ఒడిలో, చెవులు కుట్టేది మేనమామ ఒడిలో, పెళ్లినాడు బుట్టలో కూర్చోబెట్టి మండపానికి తెచ్చేది మేనమామ. మేనరికాలు బలంగా ఉన్న చోట ఆ మేనమామే మామగారు కూడా కావచ్చు. భయపెట్టడం తండ్రి వంతు, గారం చేయడం చుట్టాల వంతు అన్నట్టుగా పని పంచుకున్నారు. కాబట్టి వెనకటి తండ్రి గాంభీర్యాన్ని అతని గుండె కాఠిన్యంగా అర్థం చేసుకోవడం సరికాదు. అతని చుట్టూ ఉన్న మనుషులు ఆ గాంభీర్యాన్ని సాధ్యం చేశారు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఇంతవరకు చెప్పినది భూమి ఉన్న కుటుంబాల చిత్రం. పంచడానికి భూమే లేని ఇంట్లో కర్త ఉండడు. తెలంగాణ దొరల గడీల కింద వెట్టి చేసిన తండ్రికి, కోస్తాలో మోతుబరి దగ్గర పాలేరుగా కుదిరిన తండ్రికి తన పిల్లల మీద కూడా పూర్తి హక్కు లేదు. చేసిన అప్పు కింద కొడుకును జీతగాడిగా పెట్టవలసి వచ్చేది. ఆ పిల్లవాడు తెల్లవారకముందే దొర పశువుల కొట్టంలో ఉండాలి. వెట్టిచాకిరీని నిషేధిస్తూ 1976లో చట్టం వచ్చింది గానీ, పిల్లలు పనుల్లోంచి బడుల్లోకి రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. 1990లలో రంగారెడ్డి జిల్లాలో ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ ద్వారా శాంతా సిన్హా, ఆమె సహచరులు ఊరూరా తిరిగి చేసిన పని ఈ సందర్భంలో ముఖ్యమైనది. పేద తండ్రికి పిల్లల చదువు మీద ఆసక్తి లేదన్న నమ్మకాన్ని ఆ పని తలకిందులు చేసింది. అవకాశం చూపిస్తే, బడి వాళ్లను చేర్చుకుంటే, ఆదాయం తగ్గినా తట్టుకుని పిల్లలను బడికి పంపే తండ్రులు ఊరూరా కనిపించారు. తన ఇంట మొదటిసారి బిడ్డను బడిలో వేసిన ఆ తండ్రిని పక్కన పెట్టి తెలుగు తండ్రి చరిత్ర రాస్తే అది సగమే అవుతుంది.

సంపాదన దగ్గర మార్పు నెలజీతంతో మొదలైంది. చదువుకున్న కొడుకు పట్నంలో గుమస్తానో, మేష్టరో, వకీలో అయినప్పుడు ఆ జీతం ఎవరిది? ఉమ్మడి సొమ్ముతో చదివించారు కాబట్టి ఆ సంపాదన కూడా ఉమ్మడిదేనన్న వాదన కోర్టుల్లో చాలాకాలం నలిగింది. 1930లో వచ్చిన హిందూ విద్యార్జిత ఆస్తుల చట్టం దీన్ని తేల్చింది. ఎవరి డబ్బుతో చదివినా, చదువు వల్ల వచ్చిన సంపాదన చదివినవాడి స్వార్జితమే అన్నది. ఇప్పుడు ఎవరికీ గుర్తులేని ఈ చిన్న చట్టం కుటుంబాన్ని చాలా లోతుగా కదిలించింది. కొడుకు తండ్రి ఆస్తి మీద ఆధారపడనక్కర లేకపోయింది. అతను తన భార్యాపిల్లలతో వేరు కాపురం పెట్టి, తన ఇంటికి తానే పెద్ద కాగలిగాడు. మనం ఈనాడు ‘సంప్రదాయ తండ్రి’ అనుకునే మనిషి, అంటే పొద్దున ఆఫీసుకు వెళ్లి సాయంత్రం వచ్చి, ఒక్కడి సంపాదనతో భార్యనూ పిల్లలనూ పోషించేవాడు, నిజానికి ఈ నెలజీతం కాలంలో పుట్టినవాడే. వ్యవసాయ కుటుంబంలో ఆడవాళ్లు నాట్లు వేశారు, కలుపు తీశారు, పాడి చూశారు. అక్కడ పోషణ భారం ఒక్క మగవాడిది ఎన్నడూ కాదు.

తండ్రి అధికారాన్ని చట్టం అంచెలంచెలుగా తగ్గిస్తూ వచ్చింది. 1929 నాటి శారదా చట్టం ఆడపిల్లకు పద్నాలుగేళ్లు నిండేదాకా పెళ్లి చేయకూడదంది. ఆస్తి విషయంలో మన రాష్ట్రం దేశానికి దారి చూపింది. ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబర్ 5 నుంచి కూతురిని కూడా కొడుకుతో సమానంగా ఉమ్మడి ఆస్తిలో పుట్టు హక్కుదారును చేసింది. కేరళ అంతకుముందే ఉమ్మడి కుటుంబ వ్యవస్థనే రద్దు చేసింది. దాన్ని అలాగే ఉంచి కూతురికి అందులో చోటు కల్పించిన మొదటి రాష్ట్రం మనదే. అయితే ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లకు అది వర్తించలేదు. 2005లో కేంద్రం దేశమంతటికీ ఈ హక్కును విస్తరించింది, తండ్రి అప్పు తీర్చాలన్న పాత ధర్మబాధ్యతను కొత్త అప్పుల విషయంలో తీసేసింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉన్నా లేకపోయినా కూతురి హక్కు పుట్టుకతో వచ్చిందేనని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. తండ్రి ముసలితనం కూడా చట్టం పరిధిలోకి వచ్చింది. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద, ఆస్తి రాసిచ్చాక కొడుకు చూడడం లేదని ఆర్డీఓ ముందు ఫిర్యాదు పెట్టుకునే తండ్రులు ఇప్పుడు ఉన్నారు. కర్తగా ఇంట్లో తీర్పు చెప్పిన మనిషి, తన పోషణ కోసం తీర్పు అడిగే స్థితికి వచ్చాడు.

పిల్లల సంరక్షణ హక్కు దగ్గర మాత్రం చట్టం నెమ్మదిగా నడిచింది. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం తండ్రిని మొదటి సహజ సంరక్షకుడిగా, తల్లిని అతని తర్వాతి వ్యక్తిగా పేర్కొంది. అయిదేళ్ల లోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గర ఉండాలని కూడా అదే చట్టం చెప్పింది. అంటే సాకడం తల్లిది, సంతకం తండ్రిది. రచయిత్రి గీతా హరిహరన్ తన కొడుకు పేరిట బాండ్లు కొనబోతే తండ్రి సంతకం కావాలని రిజర్వ్ బ్యాంకు అడిగింది. ఆ వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది. తండ్రి బతికి ఉన్నా బిడ్డ బాగోగులు పట్టించుకోని పరిస్థితిలో తల్లే సంరక్షకురాలవుతుందని 1999లో తీర్పు వచ్చింది. చట్టంలోని మాట మాత్రం అలాగే ఉంది. 2022లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన మరో కేసులో ప్రశ్న ఇంటిపేరు గురించి. పసితనంలోనే తండ్రిని పోగొట్టుకున్న బిడ్డకు, మళ్లీ పెళ్లి చేసుకున్న తల్లి తన కొత్త కుటుంబం ఇంటిపేరు పెట్టవచ్చా? పాత ఇంటిపేరే ఉంచాలని, రికార్డుల్లో ప్రస్తుత భర్తను సవతి తండ్రి అని రాయాలని హైకోర్టు చెప్పింది. సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని తప్పుపట్టి, బిడ్డ ఇంటిపేరు నిర్ణయించే హక్కు తల్లికి ఉందన్నది. ఇంటిపేరు తండ్రి నుంచి మాత్రమే వస్తుందన్న నమ్మకం మన సమాజంలో ఎంత లోతైనదో తెలిసినవారికి ఈ తీర్పు బరువు అర్థమవుతుంది.

కోర్టుల బయట కూడా తండ్రి పెద్దరికానికి సవాళ్లు ఎదురయ్యాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతుల నుంచి పుట్టిన సారా వ్యతిరేక పోరాటం, ఒక కోణంలో చూస్తే, ఇంటి ఖర్చు చూడవలసిన మనిషి కూలిడబ్బు సారా కొట్లో పోస్తున్నాడని భార్యలు బహిరంగంగా చేసిన ఆరోపణే. 1993లో సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత ప్రభుత్వం కూడా తండ్రిని దాటి తల్లితోనే లావాదేవీ పెట్టుకోవడం మొదలుపెట్టింది. పొదుపు సంఘాల అప్పులు ఆమె పేరు మీద, ఇళ్ల పట్టాలు ఆమె పేరు మీద ఇచ్చారు. 2013 నాటి ఆహార భద్రతా చట్టం రేషన్ కార్డుకు పద్దెనిమిదేళ్లు నిండిన ఆడవాళ్లలో పెద్దామెనే ఇంటి పెద్దగా గుర్తించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరిలో మొదలైన అమ్మ ఒడి, పిల్లలను బడికి పంపితే ఏటా 15,000 రూపాయల సాయాన్ని తల్లి ఖాతాకే కేటాయించింది. డబ్బు ఆమె చేతికి వస్తే పిల్లలకు చేరుతుందన్న అనుభవం మీద తీసుకున్న నిర్ణయాలివి, సరైనవే.

కానీ దీనికి రెండో వైపు ఉంది, దాని గురించి తక్కువ మాట్లాడుతాం. టీకాల వివరాలు రాసే కార్డు తల్లీబిడ్డల కార్డు. అంగన్‌వాడీ పిలిచేది తల్లులను. 2025 దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం ముప్పై మందికి మించి మహిళలు పనిచేసే చోట శిశువుల గది ఉండాలంది. అక్కడ ఎంతమంది తండ్రులు పనిచేస్తున్నారన్నది లెక్కలోకి రాలేదు. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి సెలవును 26 వారాలకు పెంచినప్పుడు, యాభై మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థల్లో శిశు సంరక్షణ కేంద్రం పెట్టాలన్నారు. రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకునే హక్కు మాత్రం తల్లికే ఇచ్చారు. తల్లికి హక్కు ఇచ్చే చేత్తోనే వ్యవస్థ బిడ్డను ఆమె బాధ్యతగా మరోసారి ఖాయం చేసింది. అధికారం తగ్గిన తండ్రిని సాకే పనిలోకి పిలిచినవారు లేరు.

ఇంతలో ఆప్యాయత మారింది. అందుకు ముఖ్య కారణం ఇల్లు చిన్నది కావడమే. 1992–93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలు. 2019–21 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. ఒకరో ఇద్దరో పిల్లలున్న ఇంట్లో, తాత ఊళ్లో ఉండి, మేనమామ మరో దేశంలో ఉంటే, గారం చేసే పని కూడా తండ్రికే వచ్చింది. కొడుకు మీద ముసలితనపు ఆశలు పెట్టుకునే లెక్క సడలిన కొద్దీ కూతురితో అతని చనువు పెరిగింది. పిల్లలు ‘మీరు’ అన్న తరం పోయి ‘నువ్వు’ అనే తరం వచ్చింది. కానీ ఈ ఆప్యాయతకు ఒక పెద్ద భారం తోడైంది: చదువు. అప్పు చేసి రెండేళ్ల ఇంటర్‌కు రెసిడెన్షియల్ కాలేజీలో చేర్పించి, ఆదివారం గేటు దగ్గర టిఫిన్ డబ్బాతో నిలబడే తండ్రి ప్రేమను ఎవరూ శంకించలేరు. అయినా బిడ్డ పదహారో ఏట, ఆ శ్లోకం స్నేహితుడిగా చూడమన్న వయసులో, అతను ర్యాంకు అడిగే మనిషిగా మిగిలిపోతున్నాడు. మన తండ్రుల నిజమైన ఒంటరితనం ఇక్కడే ఉందనిపిస్తుంది.

వలస ఈ బంధాన్ని మరో తీరుగా సాగదీసింది. జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన తండ్రి రెండేళ్లకోసారి సెలవు మీద వస్తాడు. బిడ్డ మొదటి అడుగులు అతను చూడడు. ఒకప్పుడు ఉత్తరాల్లో, తర్వాత టేపు క్యాసెట్లలో, ఇప్పుడు వీడియో కాల్‌లో నాన్నగా ఉంటాడు. కడప, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్లేది తల్లులు. అక్కడ సంపాదించేది భార్య, ఇంట్లో ఉన్నది భర్త. చాకిరీ తండ్రి చేతికి మారడానికి ఇంతకంటే అనువైన పరిస్థితి ఉండదు. అయినా అలాంటి చాలా ఇళ్లలో పిల్లలు అమ్మమ్మ దగ్గరకో నాయనమ్మ దగ్గరకో చేరతారు. అమెరికాలోని తెలుగు ఇళ్లలోనూ అదే జరుగుతుంది. కాన్పు సమయానికి అత్తగారో అమ్మగారో ఆరునెలలు ఉండేలా విజిటర్ వీసా మీద వస్తారు. వాళ్లు తిరిగి విమానం ఎక్కాక, పనిమనిషీ చుట్టాలూ లేని ఆ ఇంట్లో తండ్రి మొదటిసారి పాలసీసా కడుగుతాడు, డైపర్ మారుస్తాడు. ఆ మనిషి స్వభావం విమానాశ్రయం నుంచి తిరిగొచ్చిన రోజున మారలేదు. సాయం చేసే మరో స్త్రీ లేకపోవడమే అతన్ని ఆ పనిలో దింపింది.

లెక్కలు ఈ మాటనే చెబుతాయి. కేంద్ర గణాంక శాఖ 2019లో జరిపిన కాల వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసిన స్త్రీలు దాని మీద రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చించారు, ఆ పని చేసిన పురుషులు 97 నిమిషాలు. 2024 సర్వేలో ఆ అంకెలు 289, 88. మధ్యలో కొవిడ్ వచ్చింది, మగవాళ్లు నెలల తరబడి ఇంట్లోంచే పనిచేశారు, అయినా వాళ్ల నిమిషాలు పెరగలేదు. ఇంట్లోవారిని సాకి చూసుకునే పనిలో, అదే 2024 సర్వే ప్రకారం, 15 నుంచి 59 ఏళ్ల స్త్రీలలో 41 శాతం పాల్గొంటే పురుషులలో 21.4 శాతం పాల్గొన్నారు. ఆ స్త్రీలు రోజుకు 140 నిమిషాలు, ఆ పురుషులు 74 నిమిషాలు. ఇవి దేశం మొత్తానికి చెందిన సగటులు. మన ఇళ్లు వీటికి భిన్నంగా ఉన్నాయని అనుకోవడానికి నాకు కారణం కనబడదు.

చాకిరీ ఎందుకు కదలలేదన్న ప్రశ్నకు మన ఆచారంలోనే ఒక జవాబు ఉంది. మొదటి కాన్పుకు ఆడపిల్లను పుట్టింటికి తీసుకెళ్లడం మంచి ఉద్దేశంతో పుట్టిన ఏర్పాటు. అత్తింటి పనిభారం నుంచి ఆమెకు విశ్రాంతి దొరుకుతుంది, తల్లి చేతి పథ్యం దొరుకుతుంది. కానీ దాని వల్ల ఏడో నెల నుంచి బిడ్డకు మూడో నెలో అయిదో నెలో వచ్చేదాకా తండ్రి ఆ ఇంటికి అతిథి. బారసాలకు కొత్తబట్టలతో వస్తాడు, బిడ్డను అయిదు నిమిషాలు ఎత్తుకుంటాడు, ఏడవగానే ఎవరో అందుకుంటారు. బిడ్డ ఏ ఏడుపు ఆకలిదో, ఏది కడుపునొప్పిదో తెలుసుకోవడం పుట్టుకతో వచ్చే విద్య కాదు. తల్లి కూడా దాన్ని ఆ మొదటి వారాల్లో నిద్ర చెడగొట్టుకునే నేర్చుకుంటుంది. తల్లీబిడ్డలు అత్తింటికి వచ్చేసరికి ఆమె ఆరితేరి ఉంటుంది, అతను ఇంకా మొదలుపెట్టి ఉండడు. ‘నీకు చేతకాదులే, ఇటివ్వు’ అన్న మాటతో ఇద్దరి పాత్రలూ గట్టిపడతాయి. ఈ ఆచారాన్ని వదిలేయాలని నేను అనడం లేదు. ఆ నెలల్లో తండ్రి కూడా అక్కడ ఉండి పని నేర్చుకునే వీలు ఉండాలంటున్నాను.

ఆ వీలు ఇవ్వగలిగేది సెలవు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులైన తండ్రులకు 1997 నుంచి పదిహేను రోజుల పితృత్వ సెలవు ఉంది. ఒంటరి తండ్రులకు శిశు సంరక్షణ సెలవును కూడా కేంద్రం 2018లో వర్తింపజేసింది. ప్రైవేటు ఉద్యోగులకు ప్రసూతి సెలవు లాగా పితృత్వ సెలవును తప్పనిసరి చేసే కేంద్ర చట్టం లేదు. 2017లో పార్లమెంటులో ప్రవేశపెట్టిన ప్రైవేటు సభ్యుడి బిల్లు చట్టం కాలేదు. కొన్ని పెద్ద కంపెనీలు తమంతట తాము ఇస్తున్నాయి. సెలవు ఇస్తే మగవాళ్లు వాడుకోరని, ముందు మనసులు మారాలని కొందరంటారు. స్వీడన్ అనుభవం ఈ వాదనకు సమాధానం. అక్కడ 1974లోనే తల్లిదండ్రులిద్దరికీ జీతంతో కూడిన సెలవు పెట్టారు, పంచుకోవడం వాళ్ల ఇష్టానికి వదిలేశారు. తండ్రులు దాదాపు ముట్టుకోలేదు. 1995లో ఒక నెలను తండ్రికే కేటాయించి, అతను తీసుకోకపోతే ఆ నెల కుటుంబానికి పోతుందని నియమం పెట్టారు. ఆ నెల తండ్రులు తీసుకోవడం మొదలైంది. తర్వాత ఆ కేటాయింపును 2002లో రెండు నెలలకు, 2016లో మూడు నెలలకు పెంచారు. మనసులు మారేదాకా ఆగి ఉంటే అక్కడా ఏమీ జరిగేది కాదు.

అయితే సెలవు నెలజీతం వచ్చేవాళ్ల మాట. తాపీమేస్త్రీకి, ఆటో నడిపేవాడికి, హైదరాబాద్ అపార్ట్‌మెంటు పునాదుల దగ్గర రేకుల షెడ్డులో కాపురం ఉండే పాలమూరు కూలీకి పని మానిన రోజు కూలి లేని రోజే. ఆ ఇంట్లో తల్లీ తండ్రీ ఇద్దరూ పనికి వెళితే బిడ్డను చూసేది ఏడేళ్ల అక్క; ఆమె బడి అక్కడే ఆగిపోతుంది. ఆ తండ్రికి కావలసినది పనిస్థలంలోనే శిశువుల గది, కూలిపని ముగిసేదాకా తెరిచి ఉండే అంగన్‌వాడీ. అవి తల్లి పేరు మీద కాకుండా, పనిచేసే మనిషి తల్లయినా తండ్రయినా బిడ్డను దింపి తీసుకెళ్లేలా ఉండాలి. శిశువుల గది ఎక్కడ ఉండాలన్నది పాత ఫ్యాక్టరీల చట్టంలా మహిళల లెక్కతో కాకుండా, చిన్నపిల్లలున్న కార్మికులందరి లెక్కతో తేల్చడంతో ఆ పని మొదలుపెట్టవచ్చు.